ఎనిమిదీ పది బస్సు

ముప్పై ఒక్క ఏళ్లు ఈ లోయలో బస్సు నడిపాను.
ఏ స్టాపులో ఏ ముసలమ్మ దిగుతుందో,
ఏ మలుపులో మంచు ముందుగా గడ్డకడుతుందో
నన్నడగండి.
కరాటే ఎక్కడ నేర్పుతారని మాత్రం
మొన్న సెప్టెంబరు దాకా నన్నెవరూ అడగలేదు.

అడిగింది నెస్ట్, నా మనవరాలు, తొమ్మిదేళ్లది.
అడగడమంటే నోటితో కాదు.
బడి నుంచి ఒక చెవి ఎర్రగా కంది వచ్చి
బల్ల మీద కాగితం పెట్టింది:
తెల్లబట్టల్లో ఒక బొమ్మ, గాలిలో కాలు.
వేసవి సెలవులప్పటి నుంచీ
దాని మాటలు మా గనిలో మిగిలిపోయిన బొగ్గులాంటివి.
ఉన్నాయని అందరికీ తెలుసు, పైకి రావు.

ఇద్దరం కాలికి బలపం కట్టుకున్నాం.

పోర్త్‌లో, టైర్ల గోదాము పక్కన, నిలువెత్తు అద్దాల హాలు.
ఫీజు నెలనెలా బ్యాంకు నుంచి వాళ్లే లాక్కుంటారట,
రెండేళ్లలో నల్లబెల్టు ఖాయమట.
నల్లబడడానికి మా నాన్నకి
ఒక్క షిఫ్టు చాలింది, అన్నాను.
రిసెప్షన్‌లో పిల్ల నవ్వలేదు.

టోనిపాండిలో ఆదివారం, చర్చి వెనక గది.
గురువుగారి గొంతు పెద్దది.
పిల్లలు తన్నేటప్పుడు ఉలిక్కిపడుతున్నారో,
ఉలిక్కిపడి తన్నుతున్నారో తెలియలేదు.
నెస్ట్ నా కోటు జేబులో చెయ్యి దూర్చి
ఒక వేలు పట్టుకొని లాగింది.
అంతే, బయటికొచ్చేశాం.

ఫెర్న్‌డేల్‌లో ఉండేది, ఇప్పుడు లేదు.
తాళం వేసిన తలుపు మీద పాత టైంటేబులు,
కింద పెన్సిల్‌తో:
మోకాళ్లు అరిగిపోయాయి, క్షమించండి.

చేపలు వేయించే మార్గెడ్, ఉప్పు చల్లుతూ అంది:
"మార్డీలో ఉంది కదయ్యా, కార్మికుల హాల్లో,
నువ్వు బస్సు వెనక్కి తిప్పుకునే చోట."

చంకలో పిల్లని పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే.
రోజుకు ఆరుసార్లు ఆ గోడ చూస్తూనే స్టీరింగు తిప్పాను,
లోపలేముందో ఒక్కసారి దిగి చూడలేదు.

లోపల ఏడుగురు పిల్లలు, కారే కప్పు,
నేల మధ్యలో ఒక బకెట్టు.
మెయ్‌నిర్, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు,
డ్యూటీకి ముందు వచ్చి నేర్పుతుంది.
ఫీజెంత అంటే టీ డబ్బా చూపించింది.
నెస్ట్‌ని కొట్టమనలేదు, తన్నమనలేదు.
"నిలబడు," అంది. "పాదాలు భుజాలంత ఎడం. అదీ."
నలభై నిమిషాలు నిలబడడమే.

చివర్లో వరసగా లెక్కపెట్టడం, తలా ఒక అంకె, జపాను మాటల్లో.
ఇచి, ని, సన్...
ఏడో అంకె మా పిల్లకు పడింది.
బకెట్లో ఒక చుక్క.
మెయ్‌నిర్ తొందరపడలేదు, పక్కవాడు అందివ్వలేదు.
ఇంకో చుక్క.

షిచి.

ఎనిమిదోవాడు ఏమీ జరగనట్టు హచి అన్నాడు.
నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను.

చిక్కల్లా ఒక్కటే.
క్లాసు వదిలేది ఎనిమిదింబావుకి,
ఆఖరి బస్సు ఎనిమిదీ పదికి.
నడిస్తే నాలుగు మైళ్లు, వానలో.
ఆ టైంటేబులు వేసిన కమిటీలో నేనూ ఉన్నాను.
పరిగెత్తుకొచ్చే మనుషుల్ని అద్దంలో చూస్తూ
గేరు మార్చినవాణ్ణి నేను,
ఒక్క నిమిషమూ ఎవరికోసమూ ఆగనివాణ్ణి.

ఐయాంటోకి ఫోన్ చేశాను.
వాడికి పని నేర్పింది నేనే.
గొంతు సవరించుకున్నాను, వాతావరణం మాట్లాడాను,
ఆఖరికి అడిగేశాను: "ఐదు నిమిషాలు."
వాడు చాలాసేపు ఏమీ అనలేదు.
"రూలు మీదే కదా," అన్నాడు, పెట్టేశాడు.

గురువారం హాలు మెట్లు దిగేసరికి
గడియారంలో ఎనిమిదీ పదిహేడు.
మలుపులో బస్సు, లైట్లన్నీ వేసుకొని,
ఇంజను గురక పెడుతూ.
ఐయాంటో నావైపు చూడలేదు.
నెస్ట్ చిల్లర ఒక్కొక్కటే పళ్లెంలో వేసింది,
పెదవులు కదిలిస్తూ.

వెనక సీట్లో ఎవరో ముసలాయన
వాచీ చూసుకొని సణిగాడు.
సణగనీ.